ఎర్ర దారం కింది పేరు

గొలుసుకుట్టు విప్పడానికి తొందర పనికిరాదు. కుట్టు ఎక్కడ ముగిసిందో వెతికి ఆ చివరి కన్నును సూదిమొనతో పైకి లేపాలి. అది లేచిందంటే మిగతా గొలుసంతా దానంతటదే జారి వస్తుంది. మధ్యలో తెంపితే మాత్రం ఒక్కో కన్నూ విడిగా పీక్కుంటూ కూర్చోవాలి.

ఈ గురువారం మధ్యాహ్నం గార్బట్ గారి వంటింట్లో, కిటికీ పక్కన కూర్చుని నేను చేస్తున్న పని అదే. ఒళ్ళో నావికుల నీలి ఉన్ని చొక్కా ఉంది. పొయ్యి మీద రెండు ఇస్త్రీ పెట్టెలు కాగుతున్నాయి. బయట ఉత్తరపు వేడిగాలికి మా రేవు ఊరు విలియమ్స్‌టౌన్ అంతా తలుపులు వేసుకుని పడుకుంది. బల్ల మీది సాసర్లో ముప్ఫై అయిదేళ్ళనాటి ఎర్ర పట్టుదారం ఉంగరాలు చుట్టుకుంటూ పడుతోంది.

ఆ చొక్కా దాకా రావడానికి నాకు ఏడాది పట్టింది.

మా తాత ఆమోస్ ట్రెగేర్ 1900లో, చైనాలో అల్లర్లు రేగినప్పుడు, ఇక్కణ్ణుంచి వెళ్ళిన నావికుల దళంలో ఉన్నాడు. మరుసటి ఏడు దళం తిరిగి వచ్చింది. తాత రాలేదు. ఆయన బదులు ఒక కాగితం వచ్చింది: టియన్‌సిన్ దగ్గర దళాన్ని విడిచి పారిపోయాడని. అప్పటికి అమ్మమ్మ థర్జాకు ఇరవై ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. పింఛను రాలేదు, పతకం రాలేదు. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదట. మా అమ్మ పెళ్ళి కాగానే ఈ ఊరి మొహం చూడకుండా అడవి పక్క పల్లెకు పోయింది. నేను పుట్టిందీ, ఒంటిగది బడిలో చదివిందీ అక్కడే. మావయ్య వెస్లీ 1917లో ఫ్రాన్స్ యుద్ధంలో పోయాడు.

నిరుడు నేను అమ్మమ్మ దగ్గరికి వచ్చి చేరాక, నౌకాదళం కార్యాలయానికి ఉత్తరం మీద ఉత్తరం రాశాను. ఎనిమిది నెలలకి తాత సర్వీసు చిట్టా నకలు ఒకటి పంపారు. అందులో మా తాత బతుకు మొత్తం మూడు వరుసలు. పారిపోవడం చూసిన సాక్షి ఒక్కడే, దళంలో తాతకు పైఅధికారి, పెట్టీ ఆఫీసర్ సైలస్ గార్బట్. "చైనావాళ్ళ దూదికోటు తొడుక్కుని, తన బట్టల సంచీ మొత్తం భుజాన వేసుకుని ఉత్తరం వైపు పోతుండగా చూశాను" అని చెప్పాడు.

ఆ గార్బట్ ఇప్పుడు ఊరికి పెద్దమనిషి. రైలు కట్టకు అవతలి వైపు మేం, ఇవతలి వైపు ఆయన. మా నాన్న ఇంటిపేరు హాస్కిన్ కాబట్టి నాకు దొంగపేరు అక్కర్లేకపోయింది. నాలుగు నెలలుగా మంగళ, గురువారాల్లో ఆయన ఇంటికి కుట్టుపనికి వెళ్తున్నాను. వెళ్ళి వచ్చిన ప్రతిసారీ అమ్మమ్మ ఒకటే అడుగుతుంది.

"వాడు బాగున్నాడా?"

"బాగానే ఉన్నాడు అమ్మమ్మా."

"బాగుండాలి. చిన్న దగ్గు కూడా రాకూడదు వాడికి. చచ్చినవాణ్ణి సిగ్గుతో తల వంచుకోమంటే వంచుకోడు."

గడువు శనివారం. చైనా వెళ్ళిన మా ఊరి నావికుల పేర్లు పోతపోసిన ఇత్తడి పలక ఒకటి నావికుల హాల్లో గోడకెక్కుతుంది. తెర తీసేది గార్బట్ గారే. పలక మీద మొదటి పేరూ ఆయనదే. ట్రెగేర్ అన్న పేరు లేదు. ఒకసారి గోడకు బిగించాక ఇంక ఆ పలక జోలికి ఎవరూ రారు. మా అమ్మమ్మ ఆ హాలు ముందు నుంచే రోజూ చర్చికి నడవాలి.

మొన్న మంగళవారం ఆయన కూతురు ఎఫీ గారు ఈ చొక్కా తెచ్చి నా ఒళ్ళో వేశారు. ఎఫీ గారికి నలభైకి ఒకటి తక్కువ. పెళ్ళి కాలేదు. మాట తక్కువ మనిషి. "నాన్న చైనాలో తొడిగిన చొక్కా. హాల్లో అద్దాల బీరువాలో పెడతారట. చిమట కొట్టిన చోట్ల రఫూ చేసి ఇస్త్రీ చెయ్యి. నాన్నకి చెప్పకు, శనివారం ఆశ్చర్యపోతారు" అన్నారు. అంచు తిరగేసి చూశాను. ఎర్ర దారంతో ఎస్. గార్బట్ అని గొలుసుకుట్టు. ఆ కుట్టు కింద, దానికి పొంతన లేని తెల్లరంగు గీత ఒకటి అంచులోకి పొడుచుకొచ్చి కనిపించింది.

ఇవాళ ఎఫీ గారు పూలు సర్దడానికి హాలుకు వెళ్ళారు. గార్బట్ గారు గడ్డి మీద బంతులు దొర్లించే ఆటకు మైదానానికి వెళ్ళారు. ఇంట్లో నేనూ, సూదీ మిగిలాం.

అక్షరాలు వెనకనుంచి ముందుకు ఊడి వస్తున్నాయి. ఎర్ర దారం పోయిన చోట తెల్లరంగు ముద్ర బయటపడుతోంది. నావికుడు తన బట్ట ప్రతి దాని మీదా కొయ్య అచ్చుతో పేరు వేసుకుని, ఆ ముద్ర మీదే కుట్టుకుంటాడు. ఈ ముద్ర మీద ముందొక కుట్టు ఉండేది. దాన్ని ఎవరో పీకేశారు. ఆ పాత సూది రంధ్రాలు ఉన్నిలో ఇంకా మూసుకుపోలేదు. మొదటి అక్షరం దారం కూడా లాగేశాక చొక్కాను కిటికీ వెలుగులోకి ఎత్తాను.

ఎ. ట్రెగేర్.

నేను ఏడవలేదు. ఆ అక్షరాల పక్కన మరో ముద్ర కోసం వెతికాను. అంచంతా, మెడపట్టీ అంతా, రెండు చేతుల లోపలా వెతికాను. లేదు. అప్పుడు మాత్రం ఒళ్ళంతా వెచ్చగా ఏదో పాకింది. సంతోషం అనుకున్నాను. కాదు, అంతకంటే చెడ్డది.

"టీ పడెయ్ పిల్లా! ఈ గాలికి బంతులు కూడా నీడ వెతుక్కుంటూ దొర్లుతున్నాయి."

గార్బట్ గారు పెరటి గుమ్మంలోంచి వచ్చారు. తెల్ల టోపీ తీసి విసురుకుంటున్నారు. డెబ్భై ఏళ్ళు, ఇంకా నిటారు మనిషి. నా మీద ఎప్పుడూ కసురుకోలేదు. నాలుగు నెలల్లో నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

"ఎక్కడిది ఆ నీలిగుడ్డ? నన్ను పాతిపెట్టేటప్పుడు తొడగడానికా? ఇంకా పదేళ్ళు ఆగాలమ్మా, అంత తొందరైతే ఎలా!"

"మీ చొక్కాయే అయ్యా. హాల్లో పెడతారట."

విసురుకుంటున్న టోపీ ఆగింది.

"ఎవరు తీశారు పెట్టెలోంచి?"

"ఎఫీ గారు."

"ఇటివ్వు." రెండడుగులు వేశాక ఆయన చూపు సాసర్ మీద పడింది. ఎర్ర దారం చూశారు. "ఏం చేశావు? నా పేరు పీకేశావా?"

"మీ పేరు పైపైనే ఉందయ్యా. ఊరికే ఊడి వచ్చింది. అడుగున ఇంకొకరిది ఉంది. అది ఎంత లాగినా రావడం లేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. టోపీ బల్ల మీద పెట్టి దాని అంచు సరిచేశారు. మళ్ళీ నవ్వు తెచ్చుకున్నారు.

"ఓహో, అదా. మా కాలంలో అది మామూలే. దళం విడిచి పారిపోయినవాడి బట్టలు ఓడ తెరచాప స్తంభం దగ్గర వేలం వేసేవారు. చలి చంపేస్తోంది, నేనొకటి పాడుకున్నాను. కుట్టుపనివాళ్ళకి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే."

"తెలుసయ్యా. వేలంలో కొంటే పాత పేరు పక్కన వేలం ముద్ర కొట్టి ఇస్తారట. ఆ ముద్ర లేకుండా ఇంకొకడి పేరున్న బట్ట ఒంటి మీద కనిపిస్తే దొంగతనం కిందే లెక్కట. నావికుడి పెళ్ళాం ఎవరైనా చెబుతుంది. దీని మీద ఆ ముద్ర లేదు. నేను మూడుసార్లు వెతికాను."

"చెరిగిపోయి ఉంటుంది."

"పేరు చెరగలేదు కదా."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. నేను ఇంకో మాట కూడా దాచుకుని ఉన్నాను. ఒక ముద్ద మింగాకే ఇంకొకటి పెట్టాలని అమ్మమ్మ అంటుంది.

"అదీగాక, ఈ మనిషి తన సంచీ మొత్తం భుజాన వేసుకుని పోయాడని మీరే చెప్పారు. సంచీతో పాటు చొక్కా కూడా పోవాలి. మరి మీ పెట్టెలోకి ఎలా వచ్చింది?"

ఇప్పుడు నవ్వు లేదు. "నేను చెప్పిన మాట నీకెలా తెలుసు? ఎవరి పిల్లవి నువ్వు?"

"ఆమోస్ ట్రెగేర్ మనవరాల్ని. థర్జా ట్రెగేర్ కూతురి కూతుర్ని."

ఈ మాట చెప్పే రోజు కోసం రాత్రుళ్ళు ఎన్నిసార్లు నోట్లోనే అనుకున్నానో. అప్పుడంతా గట్టిగా అరిచినట్టే ఊహించుకునేదాన్ని. తీరా చెప్పేసరికి, టీలో చక్కెర ఎంత అని అడిగినట్టు వచ్చింది గొంతు.

ఆయన చాలాసేపు నా మొహంలో ఎవరినో వెతికారు. తరవాత పెరటి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఎఫీ ఎప్పుడొస్తుంది?"

"అయిదుకి."

"అయితే విను. విన్నాక నువ్వు బయట చెప్పినా ఎవడూ నమ్మడు. నేను గార్బట్‌ని, నువ్వు పారిపోయినవాడి మనవరాలివి."

"చెప్పండి."

"నది ఒడ్డున రైలు సరుకుల కొట్టుకి కాపలా మా ఇద్దరిదీ. జనవరి. నది గడ్డకట్టి రాయిలా ఉంది. అవతలి ఒడ్డున ఒక సారాయి కొట్టు. పోదాం పద అన్నది నేను. మీ తాత వద్దన్నాడు. పైవాణ్ణి నేను, ఆజ్ఞ అన్నాను. నవ్వుతూనే అన్నాను." ఆయన బొటనవేలితో బల్ల మీది గీత ఒకటి గీకుతున్నారు. "తిరిగొస్తుంటే నా కింద మంచు పగిలింది. మెడదాకా పోయాను. వాడు బోర్లా పడుకుని తుపాకీ చాపి లాగాడు. మళ్ళీ ఆ సారాయి కొట్టుకే మోసుకుపోయాడు. నా తడిబట్టలు చింపి ఊడబీకి తన చొక్కా నాకు తొడిగాడు. కొట్టువాడి దూదికోటు తను వేసుకున్నాడు."

"దూదికోటు."

"అవును. నేను చెప్పింది అబద్ధం కాదు. దూదికోటుతో పోతుండగా చూశాను." ఆ మాట అంటూ ఆయనే తల తిప్పుకున్నారు. "కాపలా ఖాళీగా ఉందని తెలిస్తే నా హోదా ఊడుతుంది. 'నువ్వు వెచ్చబడు సైలస్, అక్కడ నేను నిలబడతాను' అని పరిగెత్తాడు. మునిమాపు వేళ. మంచు మీద దూదికోటు వేసుకున్న మనిషి, చేతిలో తుపాకీ. ఒడ్డున మాతో కలిసొచ్చిన ఇంకో దేశంవాళ్ళ కాపలా ఉంది. చైనావాడనుకుని కాల్చారు, ఒక్కటే చప్పుడు వినిపించింది."

నా ఒళ్ళో చొక్కా ఉంది. దాన్ని పట్టుకున్న వేళ్ళు నావేనా అనిపించింది.

"తెల్లారి కాపలా ఎందుకు ఖాళీగా ఉందని అడిగారు. ఏం చెప్పాలి? నేను సారాయికి పోయాను, నన్ను బతికించినవాడు చచ్చాడు అనా? పారిపోయాడన్నాను. వాడి సంచీ మంచు పగిలిన చోట నదిలోకి తోశాను. చొక్కా మీద పేరు కుట్టుకున్నాను, తనిఖీలో నాకొక చొక్కా చూపించాలిగా. తరవాత పారేద్దామనే అనుకున్నాను. చేతులు రాలేదు."

"మా అమ్మమ్మ ముప్ఫై అయిదేళ్ళు ఊరి గుడ్డలు ఉతికింది."

"తెలుసు. మా ఇంటివి మాత్రం ఎప్పుడూ పంపలేదు."

అది దయ అనుకుంటున్నాడా ఆయన! కాగుతున్న ఇస్త్రీ పెట్టె నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆయనకూ తెలిసినట్టుంది, కుర్చీ కొంచెం వెనక్కి జరిపారు.

"శనివారం మీరు తెర తీసేటప్పుడు ఇది మీ పక్కన నిలబెట్టి చూపిస్తాను" అన్నాను. "అంచు తిరగేసి, అందరికీ. బ్యాండు వాయించేవాళ్ళకి కూడా. మిమ్మల్ని ఏమీ అడగను. వాళ్ళే అడుగుతారు."

"చూపించు." ఇప్పుడు ఆయన గొంతులో పాత అధికారి లేచాడు. "చూపిస్తే నా పరువు పోతుంది. ఎన్నాళ్ళుంటాను నేను? రెండేళ్ళు, మూడేళ్ళు. కానీ ఇంకోటి కూడా పోతుంది. మీ తాతని ఆ కొట్టువాడే తీసుకెళ్ళి పాతిపెట్టాడు. మూడో రోజు నన్ను పిలిచి చోటు చూపించాడు. ఊరి పేరు, కొట్టువాడి ఇంటిపేరు, నది నుంచి ఎన్ని అడుగులో అన్నీ నాకు గుర్తే. ఎక్కడా రాయలేదు, ఇక్కడే ఉన్నాయి." కణత మీద వేలు పెట్టుకున్నారు. "ఆ చొక్కా పొయ్యిలో వెయ్యి, చెబుతాను. నీ చేత్తోనే రాసుకో. గుమ్మం దాటించావా, ఆ చోటు నాతోనే గోతిలోకి వస్తుంది."

అమ్మమ్మకు కావలసినవి రెండు. ఈయన తల వంగడం ఒకటి. రెండోది, తాత చివరికి ఎక్కడున్నాడన్నది, ఎవరికీ చెప్పదు. కానీ కొత్త బూట్లు కొనుక్కున్న ప్రతిసారీ, "అక్కడి నేల గట్టిదో మెత్తదో" అని ఒక మాట ఆమె నోట్లోంచి జారిపోతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి పోతుంది. తక్కెడ తెచ్చి నా ముందు పెట్టి, తను హాయిగా వెనక్కి వాలి కూర్చున్నాడు ముసలాయన.

"ఆలోచించుకో పిల్లా. అయిదు దాకా టైముంది."

"లేదు నాన్నా. నేను ఇంట్లోనే ఉన్నాను."

నడవ తలుపు తెరుచుకుంది. ఎఫీ గారు అక్కడే నిలబడి ఉన్నారు. టోపీ లేదు, చేతితొడుగులు లేవు, నడుముకు వంటింటి గుడ్డ అలాగే ఉంది. అసలు హాలుకు వెళ్ళనేలేదు.

గార్బట్ గారు లేవబోయారు. "నువ్వు ఏం విన్నావో..."

"అంతా. వెస్లీ ఈ గుమ్మంలోనే నిలబడ్డాడు నాన్నా, గుర్తుందా? టోపీ చేత్తో పట్టుకుని, నన్ను పెళ్ళికి అడగడానికి. పారిపోయినవాడి రక్తం నా గడప తొక్కడానికి వీల్లేదు అన్నావు. మర్నాడే వెళ్ళి సైన్యంలో పేరు రాయించుకున్నాడు."

మావయ్య వెస్లీ! ఆయన ఈ ఇంటికి వచ్చిన సంగతి మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు.

"ఎప్పుడో ఇరవై ఏళ్ళనాటి మాట..."

"ఇరవై ఒకటి." ఆమె నా వైపు తిరిగారు. "నువ్వెవరో నాకు మొదటి మంగళవారమే తెలుసు డల్సీ. రొట్టెముక్క చుట్టూ గట్టి అంచు ముందు తినేసి, మెత్తటి నడుమ చివరికి దాచుకుంటావు. వెస్లీ అలాగే తినేవాడు. వాడు యుద్ధంలో చనిపోయిన ఏడాది నాన్న పెట్టె సర్దుతుంటే ఆ పేరు నా వేలికి తగిలింది. కళ్ళు మూసుకుని తడిమినా కింద ఇంకో పేరు ఉందని తెలుస్తోంది. విప్పి చూసే ధైర్యం లేక మడిచి పెట్టేశాను. పంతొమ్మిదేళ్ళు మడిచే ఉంచాను."

"ఎఫీ, తలుపు వెయ్యి. ఇది మన ఇంటి మాట. ఇలా వచ్చి కూర్చో" అన్నారు గార్బట్ గారు. గొంతు అప్పుడే మెత్తబడిపోయింది.

ఆమె కూర్చోలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా ఒళ్ళోని చొక్కా మీద చెయ్యి వేశారు. నేను వదల్లేదు. ఏడాది పాటు దీని కోసం ఎదురు చూశాను, ఇది గార్బట్ కూతురి చెయ్యి. ఆమె లాగలేదు. అలా పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపో చెప్పలేను. నా వేళ్ళు వాటంతట అవే సడలాయి.

ఆమె చొక్కాను నాలుగు మడతలు వేసి గుండెకు ఆనించుకుని పెరటి గుమ్మం వైపు నడిచారు.

"గుమ్మం దాటిందంటే ఆ చోటు ఎవరికీ చెప్పను! ఎఫీ! వినపడుతోందా? డల్సీ, ఆపు దాన్ని, మీ తాత పోతున్నాడే!"

నన్ను ఆయన పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. నేను కదలలేదు. ఎఫీ గారు వెనక్కి తిరిగి చూడలేదు, ఒక్క మాట అనలేదు. తలుపు కూడా వెయ్యకుండా బయటికి వెళ్ళిపోయారు.

కిటికీలోంచి ఆమె వీధి మలుపు చేరడం చూశాను. టోపీ లేకుండా ఆ మనిషి వీధిలోకి రావడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. గాలికి జుట్టు ఊడిపోయి మొహం మీద పడుతోంది. కుడికి తిరిగితే నావికుల హాలు. ఎడమకు తిరిగితే రేవు, చొక్కాను ఒక్క విసురుతో సముద్రంలో కలిపేయొచ్చు. ఆమె రెండు వైపులా తిరగలేదు. నేరుగా రైలు గేటు దాటారు.

ఆ గేటు అవతల ఆమెకు తెలిసిన గడప ఒక్కటే ఉండాలి. ఇవాళ గురువారం. గార్బట్ అన్న పేరు చెవిన పడితే చాలు వీధిలో ఉమ్మేసే మా అమ్మమ్మ, ఈ వేళప్పుడు పెరట్లో కాగు నిండా మరిగే నీళ్ళ ముందు ఒంటరిగా ఉంటుంది.